నాగులేట్లో స్నానమాడిన తుపాకీ

నరసరావుపేట స్టేషన్ రోడ్డులో కళ్ళజోళ్ళ షాపుకీ ఎరువుల కొట్టుకీ మధ్య ఇరుక్కుని ఒక పదడుగుల గది ఉంటుంది. అందులో ఇమాం సాహెబ్ తుపాకులు బాగుచేస్తాడు. గోడకి మూడు లైసెన్సులు వేలాడుతుంటాయి, తాత పేరున ఒకటి, తండ్రి పేరున ఒకటి, తన పేరున ఒకటి. ఎవరినీ నమ్మని ఆ చూపు మూడు ఫొటోల్లోనూ ఒకటే. ఆయనకి అరవై మూడేళ్ళు. బాగుచేసిన ప్రతి తుపాకీనీ ఇసుక పీపాలోకి పేల్చి చూసి చూసి ఎడమ చెవి ఎప్పుడో పోయింది. రెండు చెవులూ వినపడే తుపాకీ మేస్త్రీ దగ్గరికి వెళ్ళకండి, వాడికింకా పని రాలేదని అర్థం అంటూ ఆ లోటు గురించి కూడా గొప్పలు చెప్పుకునే మనిషి.

వచ్చేవి ఎక్కువగా బ్యాంకు గార్డుల తుపాకులు, పంట కాపలాకి లైసెన్సు తీసుకున్న రైతుల జోడుగొట్టాలు. కొందరు పెద్దమనుషులవి కూడా వస్తాయి. వాటికి భుజాన వేలాడుతూ ఫొటో దిగడం తప్ప వేరే పనుండదు కాబట్టి జబ్బులూ ఉండవు. నలభై ఏళ్ళు కిరసనాయిలు తొట్టిలో చేతులు ముంచి పళ్ళుతోము బ్రష్షుతో మసి గీకాడు ఇమాం సాహెబ్. చివరికి ఊపిరితిత్తులు మొరాయించాయి. ఇక ఆ వాసన పీలిస్తే నా దగ్గరికి రావద్దని డాక్టరు కేకలేశాడు.

అప్పుడు కూతురు రజియా ఒక మిషను తెప్పించింది. ఆమె పళ్ళ డాక్టరు దగ్గర పనిచేస్తుంది. అక్కడ పళ్ళు పీకే సామాన్లు అల్ట్రాసోనిక్ మిషన్లో వేసి కడుగుతారు. చూడ్డానికి మూతున్న స్టీలు తొట్టి. నీళ్ళు పోసి, మందు కలిపి, ముక్కల్ని జల్లెడ బుట్టలో పెట్టి దించి, మీట నొక్కితే చెవికి అందని శబ్దమేదో నీళ్ళను వణికిస్తుందట. ఆ వణుకుకి కంటికి కనపడని బుడగలు పుట్టి, పగిలి, మురికిని లాగేస్తాయట. "మంత్రాలకి చింతకాయలు రాల్తాయా అమ్మా?" అని నవ్వాడు ఇమాం సాహెబ్. మొదటిసారి ఒక పాత స్ప్రింగు వేసి చూశాడు. ఎవరూ ముట్టుకోకుండానే, కదిలించకుండానే, ఇనుములోంచి నల్లటి పొగలాంటిది నీళ్ళలోకి దానంతటదే బయటికి వచ్చింది. చలికాలం నోట్లోంచి వచ్చే ఆవిరిలా ఉంది. ఆయన నవ్వు ఆగిపోయింది. యా అల్లా అని ఒక అడుగు వెనక్కి వేశాడు.

రజియా మాత్రం వేలు చూపించి మరీ బెదిరించింది. "అబ్బా, చెప్తున్నా విను. దీంట్లో కిరసనాయిలు, పెట్రోలు పోశావనుకో, ఆవిరి అంటుకుని నువ్వూ షాపూ కలిసి పోతారు. తూటా ఉన్న ముక్క దీని దరిదాపులకి రాకూడదు. చెక్క వెయ్యకు, మిషను నడిచేటప్పుడు చెయ్యి పెట్టకు. గ్లౌజులు లేకుండా ఆ నీళ్ళు ముట్టుకోవద్దు. అది సీసం. ఒంట్లోకి పోయిందంటే మళ్ళీ బయటికి రాదు." నలభై ఏళ్ళుగా వెనక కాలవలో పారబోసిన నల్లనీళ్ళు ఇమాం సాహెబ్‌కి గుర్తొచ్చాయి. ఆ కాలవ గట్టున గడ్డి మొలవదు. మొలవదని ఆయనకి ముందూ తెలుసు, ఎందుకని ఎప్పుడూ అడగలేదంతే. ఆ రోజు నుంచి వాడిన నీళ్ళు డబ్బాలో పట్టి మూత బిగిస్తున్నాడు.

పోయిన ఏడు దసరా వెళ్ళిన వారం, మిట్టమధ్యాహ్నం, కారెంపూడి బస్సు దిగి ఒక ముసలామె షాపులోకి వచ్చింది. ఒళ్ళో పాత పంచె చుట్టిన పొడుగాటి మూట. కుర్చీలో కూర్చుని పంచె విప్పింది. లోపల జోడుగొట్టం తుపాకీ, చెక్క మడమ నుంచి మూతిదాకా పసుపు. గొట్టాల మీద వరసగా కుంకుమ బొట్లు, వాటి మీద మళ్ళీ బొట్లు. ఏళ్ళ తరబడి పూసిన పూత పెచ్చులు కట్టింది. పెళ్ళికూతుర్ని చేసినట్టుంది. లేక పాడె మీద పడుకోబెట్టే ముందు చేసినట్టుంది.

ఇమాం సాహెబ్ నంబరు చూడలేదు. చూడాల్సిన పని లేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఆయన గుండె ముందే తడుముకుంది. అది గుండ్లవాగు కోటయ్య తుపాకీ. ఆమె కోటయ్య భార్య పుల్లమ్మ.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్ళాలి. పద్దెనిమిదేళ్ళ కిందట ఎండాకాలంలో కోటయ్య ఈ తుపాకీ తెచ్చి, శుభ్రం చేయించుకుని వెళ్ళాడు. అదే ఏడు మార్గశిరంలో, తెల్లవారుజామున, మొక్కజొన్న చేలో అడవి పంది ఆయన్ని చీల్చి చంపింది. కబురు తెలిసినప్పుడు ఇమాం సాహెబ్ ఒక్కటే అడిగాడు: తుపాకీ పేలిందా? చెప్పడానికి వచ్చినవాడు ఛాతీ మీద చెయ్యేసుకున్నాడు. "రెండుసార్లు పేలింది సాయిబు గారూ. ఊరంతా విన్నది. గుండ్లు తగిలినా ఆ మొండి పంది ఆగలా."

ఊరంతా విన్నది. ఆ మాట పట్టుకునే ఇమాం సాహెబ్ పద్దెనిమిదేళ్ళు బతికాడు. ఎందుకంటే అదే చలికాలంలో, ఆయన ఎండాకాలం నూనె పెట్టిన తుపాకులే మరో రెండు తిరిగొచ్చాయి. మీట నొక్కితే తూటా పేలడం లేదని. విప్పి చూస్తే, తూటా వెనక పొడిచే సూది నూనె జిగురులో ఇరుక్కుపోయి ఉంది. ఆ నూనె తండ్రి నేర్పింది, ఆముదంలో కర్పూరం కరిగించి చేసేది. పల్నాడు ఎండల్లో అది తేనెలా జారుతుంది. చలికి గడ్డకట్టి బంక అవుతుంది. ఆ వారమే సీసా పారేశాడు, ఎవరికీ చెప్పలేదు. కోటయ్య తుపాకీ ఒక్కటి మాత్రం తిరిగి రాలేదు. అది పేలిందన్నారు కదా, ఇక తనకేం భయం? ప్రతి మార్గశిరంలోనూ ఈ ప్రశ్న తనని తానే అడిగేవాడు. భయం లేనివాడు ఏటేటా అడుగుతాడా మరి!

"బాగున్నావా అన్నా" అంది పుల్లమ్మ.

"ఏదో చెల్లెమ్మా. ఇదేంది, పసుపేంది దీనికి?"

"స్నానం చేయిత్తన్నా గదా, ఏటా."

కారెంపూడిలో కార్తీక అమావాస్యకి వీరుల ఉత్సవాలు జరుగుతాయి. పూర్వం యుద్ధంలో పడిపోయిన వీరుల ఆయుధాల్ని ఊరూరి నుంచీ తెచ్చి నాగులేట్లో స్నానం చేయించి పూజిస్తారు. అక్కడ ఆయుధమంటే ఇనుము కాదు, వీరుడే. పుల్లమ్మ కూడా ఏటా అదే అమావాస్యనాడు, జనానికి కాస్త ఎగువన, తెల్లవారకముందే మొగుడి తుపాకీని ఏట్లో ముంచి లేపేది. దోసిలితో గొట్టాల్లో నీళ్ళు పోసేది. పసుపు రాసేది. పదిహేడు స్నానాలు. తుపాకీకి నీళ్ళంటే ఏమవుతుందో తెలిసిన ఇమాం సాహెబ్ తల పట్టుకున్నాడు.

"ఇప్పుడెందుకు తెచ్చావమ్మా?"

"పందులు మళ్ళీ దిగినయ్. మావోడు ఉపేంద్ర లైసెన్సు వాడి పేరు మీదకి మార్పిచ్చుకున్నాడు. ఈసారి చేలో వాడే కాపలా పడుకుంటాడంట." ఆమె తుపాకీ మీద చెయ్యి ఆనించింది. "ఇది పని చెయ్యాలన్నా. నొక్కితే పేలాలి. నా కళ్ళ ముందే చెయ్యి, నే కదలను."

"ఆ రోజు తూటాలు ఎవరు తీశారు?"

"ఎవురూ తెరవలా. నేను తెరవనియ్యలా. ఎలచ్చన్లప్పుడల్లా టేషన్లో అప్పజెప్పా. తెరుచుకోదయ్యా, తుప్పు పట్టిందని చెప్తే చీటీ కట్టి మూలన నిలబెట్టారు."

అంటే తూటాలు ఇంకా లోపలే ఉండొచ్చు. ఎన్ని ఎన్నికలు! ఆ మూల పక్కనే ఎంతమంది కూర్చుని టీ తాగి ఉంటారు! ఇమాం సాహెబ్ తుపాకీ అందుకుని మూతిని ఇసుక పీపా వైపు తిప్పి చెక్క బిగింపులో కదలకుండా పెట్టాడు. పక్కన కళ్ళజోళ్ళ షాపు దేవదాసుని కాసేపు అలా తిరిగి రమ్మని పంపాడు. పుల్లమ్మ కుర్చీని తన వెనక్కి జరిపించాడు. సన్నటి చెక్క పుల్లని మూతిలోంచి మెల్లగా దించి, ఆగిన చోట గుర్తుపెట్టి, బయట గొట్టానికి ఆనించి కొలిచాడు. గొట్టం చివరికి నాలుగు వేళ్ళ మందం ఉందనగానే ఆగింది. రెండో గొట్టంలోనూ అంతే. పేలిన ఉత్త డొప్పయితే పుల్ల డొప్ప అడుగుదాకా పోవాలి. అయితే ఇన్నేళ్ళ ఏటి ఒండ్రు, పసుపు ముద్ద కూడా అడ్డుపడి ఉండొచ్చు. లోపల మట్టి పట్టిన డొప్పలా, బతికున్న తూటాలా? మట్టే అయ్యుండాలి. అది మట్టే కావాలని ఆయన ఎంత కోరుకున్నాడో ఆ దేవుడికే తెలియాలి.

ముందు సూదులు తియ్యాలి. సూది లేకపోతే లోపల ఏమున్నా పొడిచేది ఉండదు. ఈ రకం పాత తుపాకుల్లో అవి వెనక నుంచి మరలు విప్పితే వచ్చేస్తాయి. మర చుట్టూ పసుపు గీకి విప్పాడు. సూది రాలేదు. పట్టకారుతో లాగితే, గట్టిపడిన బెల్లప్పాకంలోంచి వచ్చినట్టు వచ్చింది. రెండోదీ అలాగే. చుట్టూ గోధుమరంగు పూత. తుప్పేలే అనుకున్నాడు. చెక్క మడమ ఊడదీసి పక్కన పెట్టాడు. గొట్టాలు బిగింపులోనే ఉంచి, అవి తెరుచుకునే కీలు మీద తుప్పు వదిలే నూనె చుక్కలు వేశాడు. సూదుల్నీ మరల్నీ మీట ముక్కల్నీ మాత్రం గ్లౌజులేసుకుని బుట్టలో సర్ది, వెచ్చటి మందునీళ్ళలోకి దించాడు. మీట నొక్కాడు.

మిషను సన్నగా రొద పెట్టింది. మొదట పసుపు వదిలింది, నీళ్ళు పచ్చబడ్డాయి. తర్వాత కుంకుమ. మరల సందుల్లోంచి ఎర్రటి దారాలు సాగి, తొట్టి అడుగున మెలికలు తిరిగి, చూస్తుండగానే నీళ్ళన్నీ ఎర్రబడ్డాయి. కుంకుమేనని తెలిసీ ఇమాం సాహెబ్ కళ్ళు తిప్పుకున్నాడు. పుల్లమ్మ తిప్పుకోలేదు. ముందుకు వంగి, తల ఒక పక్కకి వాల్చి, ఆ రొదకి చెవి ఒగ్గింది.

"మాట్టాడతందన్నా" అంది.

"మిషను చప్పుడు చెల్లెమ్మా అది."

"నీకు తెలవదులే."

అప్పుడు వాసన వచ్చింది. ముందు లీలగా, ఆ తర్వాత గదంతా. ఆముదం. ఆముదంలో కర్పూరం. పద్దెనిమిదేళ్ళుగా ఈ గదిలో లేని వాసన. తండ్రి చేతుల వాసన, పారేసిన సీసా వాసన. బుట్టలో ఆ రెండు సూదుల ఒంటినుంచి గోధుమరంగు జిగురు పోగులు పోగులుగా ఊడి పైకి తేలుతోంది. అది తుప్పు కాదు. ఆయన పెట్టిన నూనె. పల్నాడు మొత్తంలో ఆ నూనె వాడిన షాపు ఇదొక్కటే.

స్టూలు మీద కూలబడ్డాడు ఇమాం సాహెబ్. భయం వేసింది, అంతకంటే సిగ్గు వేసింది. తనే ఆ మొక్కజొన్న చేలో ఉన్నట్టు, చీకట్లో ఎదురుగా ఏదో బుసకొడుతున్నట్టు, వేలు మీట మీద ఉన్నట్టు అనిపించింది. ఆముదం తాగినవాడి మొహం పెట్టుకుని ఆ తొట్టినే చూస్తున్నాడు. పది నిమిషాలయ్యాక మిషను ఆగింది. రొద ఆగాక గదిలో నిశ్శబ్దం చెవుల్ని నొక్కింది.

టక్.

కొంచెం ఆగి మళ్ళీ, టక్.

బుట్టలోంచి వచ్చింది. వేడినీళ్ళలో ఇనుము అప్పుడప్పుడు అలా చిట్లినట్టు చప్పుడు చేస్తుంది, అందులో వింతేమీ లేదు. వింత ఏమిటంటే ఆ చప్పుడు ఆయనకి ఎడమ చెవిలో వినపడింది, ఇరవై ఏళ్ళుగా ఏమీ వినని చెవిలో. తల తిప్పి చూస్తే పుల్లమ్మ తొట్టిని చూడటం లేదు. ఆయన్నే చూస్తోంది.

కీలు వదలడానికి రెండు గంటలు పట్టింది. దేవదాసు తెచ్చి గుమ్మంలో పెట్టిన టీ చల్లారి మీగడ కట్టింది. చివరికి గొట్టాలు తెరిచే మీట పక్కకి కదిలింది, తుపాకీ మూలిగి నడుం దగ్గర విరిగి తెరుచుకుంది. లోపల రెండు ఇత్తడి బిళ్ళలు, పచ్చటి చిలుము పట్టి. బ్రష్షుతో నెమ్మదిగా చిలుము తుడిచాడు. ఒక్కోదాని నడిమధ్య ఒక్కో నొక్కు. చలిమిడి ముద్ద మీద గోరు ఆనించినంత లోతు, అంతకు మించి లేదు. సూది వచ్చింది, తగిలింది, పొడిచే బలం లేక ఆగిపోయింది. తూటాలు రెండూ నిండుగా ఉన్నాయి. ఒక్కటీ పేలలేదు.

వాటిని లాగి మూతున్న ఇసుక డబ్బాలో పెట్టాడు. అవి పోలీసులకి అప్పజెప్పాల్సినవి. వీపు ఇంకా పుల్లమ్మ వైపే ఉంది. ఇప్పుడేం చెప్పాలి? ఊరంతా విన్న చప్పుడు లేదని చెప్పాలా? నీ మొగుడు రెండుసార్లు మీట నొక్కాడు, రెండుసార్లూ నా నూనె అడ్డుపడిందని చెప్పాలా? వీరుడని ఏట్లో ముంచి మొక్కావే, ఆయన చేతిలో ఉన్నది తుపాకీ కాదు, నేనిచ్చిన ఉత్త ఇనప కడ్డీ అని చెప్పాలా? ఐదుపూటలా నమాజు చేసే నోటితో ఇమాం సాహెబ్ అబద్ధమాడాడు.

"పేలిన డొప్పలే చెల్లెమ్మా. రెండూ."

"అబద్ధం ఎందుకన్నా" అంది పుల్లమ్మ, కోపం లేకుండా. "నేను మంచె మీదే ఉన్నా ఆ రోజు."

ఆయన తిరిగాడు.

"చలి. మంచు దిగింది. ఆయన కిందకి దిగి చేలోకి పోయాడు. పంది కనపళ్ళా నాకు, చప్పుడే. తర్వాత ఇది. టక్ అన్నది. మళ్ళా టక్ అన్నది. అంతే. ఊరోళ్ళు పొద్దున్నే వచ్చి మేం రెండు దెబ్బలు విన్నాం, మేం విన్నాం అని ఒకళ్ళని మించి ఒకళ్ళు చెప్పారు. ఏం ఇన్నారో వాళ్ళు! పోన్లే, ఆయన పేరుకి మంచిదేగదా అని నోరు మూసుకున్నా. కానీ నాకా చప్పుడు పోలా అన్నా. కన్ను మూత్తే అదే. ఏటిలో ముంచితే పోద్దేమో అనుకున్నా. పోలా."

"నా నూనె, చెల్లెమ్మా." ఇమాం సాహెబ్ గ్లౌజులు ఊడదీశాడు. "నేను పెట్టిన నూనె గడ్డకట్టి..."

"తెలుసు. అంతకు ఆర్నెల్ల కిందట నీ కాడికే గదా తెచ్చింది. వేరేవోడి చెయ్యి పళ్ళేదు దీని మీద."

"తెలిసీ మళ్ళీ నా దగ్గరికే ఎందుకు తెచ్చావమ్మా? గుంటూరులో లేరా మేస్త్రీలు?"

పుల్లమ్మ పంచె మడత పెడుతోంది. అంచుకి అంచు కలిపి, ఒళ్ళో పెట్టి చేత్తో సాపు చేసింది.

"వాళ్ళకిత్తే ఇది ఇంకో తుపాకీ, అంతే. చేత్తారు, మర్చిపోతారు. నీకట్టా కాదు. ఆ టక్ టక్ ఇందాక నువ్వూ విన్నావు, నీ మొహం చూశా. ఇక నువ్వూ నిద్రపోవు, నాలాగా. నా కొడుకు చేతికిచ్చే తుపాకీని నిద్రపోనోడే చెయ్యాల."

అలా అని తుపాకీని అక్కడే వదిలి వెళ్ళిపోయింది. శాపనార్థం పెట్టలేదు, ఏడవలేదు. శాపం పెట్టి ఉంటే ఇమాం సాహెబ్‌కి కాస్త తేలికగా ఉండేది.

తూటాలు పోలీసులకి అప్పజెప్పి కాగితం రాయించుకొచ్చాడు. గొట్టాల్లో ఒండ్రు తీసి, తూటా లేదని మూడుసార్లు చూసుకుని, అప్పుడు కడిగాడు. సూదుల్ని నాలుగుసార్లు తొట్లో వేశాడు. నాలుగోసారి నీళ్ళు తేటగానే ఉన్నాయి, అయినా ఐదోసారి వేశాడు. మంచినీళ్ళలో జాడించి, వెచ్చటి గాలికి చెమ్మ లేకుండా ఆరబెట్టి, సన్నటి మిషను నూనె గుడ్డకి అద్ది, ఆ గుడ్డతో తుడిచి, మళ్ళీ పొడిగుడ్డతో తుడిచాడు. ఉత్తుత్తి తూటాలు పెట్టి మీట నొక్కి, సూది ఎంత లోతు పొడుస్తుందో భూతద్దంలో చూశాడు. అన్నం తినేటప్పుడు గుర్తొస్తే చెయ్యి కడుక్కుని వచ్చి మళ్ళీ చూశాడు. ఇసుక పీపాలోకి పదహారుసార్లు పేల్చాడు. పదహారుసార్లూ పేలింది. రజియా చూసి చూసి, "అబ్బా, నీకేమైంది?" అంది. ఏమీ లేదన్నాడు.

ఉపేంద్ర వచ్చి తుపాకీ తీసుకెళ్ళేటప్పుడు ఇమాం సాహెబ్ ఒక్కటే చెప్పాడు. "ఈసారి దీనికి స్నానం వద్దని మీ అమ్మకి చెప్పు బాబూ." ఉపేంద్ర నవ్వాడు. "ఆమే అన్నది మావా, సాయిబన్న తొట్లో అయిపోయింది స్నానం, ఇక ఏటికి పోనని."

కార్తీకం వెళ్ళింది. మార్గశిరం వచ్చింది. పుల్లమ్మ చెప్పినట్టే అయింది. తెల్లవారుజామున అజాన్‌కి ముందే ఇమాం సాహెబ్‌కి మెలకువ వచ్చేస్తుంది. మంచం మీద కూర్చుంటాడు. ఇక్కడికి పాతిక మైళ్ళ అవతల మంచు దిగిన చేలో ఒక కుర్రవాడు భుజానికి తుపాకీ ఆనించి ఉంటాడని తెలుసు. దాన్ని మళ్ళీ ఒకసారి చూసి ఉండాల్సిందేమో అనుకుంటాడు.

ఒక రోజు అలా కూర్చుని ఉండగా ఫోన్ మోగింది. పుల్లమ్మ.

"అన్నా, పేలింది" అంది. రొప్పుతోంది. "మావోడు గాల్లోకి రెండు కొట్టాడు. పందులు పారిపోయినయ్. వాడు బాగానే ఉన్నాడు. నా చెవుల్తో విన్నా, రెండూ పేలినయ్." ఆ గొంతు పద్దెనిమిదేళ్ళలో మొదటిసారి ఆవలించింది. "నేనిక పడుకుంటా. నువ్వూ పడుకో."

ఇమాం సాహెబ్ ఫోన్ పెట్టేసి కళ్ళు తుడుచుకున్నాడు. దుప్పటి లాక్కుని, కుడి చెవి దిండుకి ఆనించి పడుకున్నాడు. ఇక బయటి ప్రపంచంలో ఏ చప్పుడూ వినపడదు. పైకి ఉన్నది ఎడమ చెవి.

టక్ అంది. కొంచెం ఆగి మళ్ళీ, టక్ అంది.

లేచి షాపు తాళాలు తీసుకున్నాడు. బ్యాంకు గార్డు తుపాకీ ఒకటి మధ్యాహ్నానికల్లా ఇవ్వాల్సింది ఉంది.